పిల్లుల మూత్ర గుర్తులు

పెంపుడు పిల్లి (శాస్త్రీయ నామం: ఫెలిస్ కాటస్) తన ఉనికిని ఇతర పిల్లులకు వాసన ద్వారా తెలియజేయడానికి గోడలు, తలుపులు, సామాను మొదలైన వాటిపై కొద్దిపాటి మూత్రాన్ని చిమ్మడాన్ని మూత్ర గుర్తు పెట్టడం అంటారు. ఇది మలమూత్ర విసర్జన కాదు, ఒక సమాచార పద్ధతి. ఒకే పిల్లి ఉన్న ఇంటిలో కంటే మూడు నాలుగు పిల్లులు కలిసి ఉండే ఇంటిలో ఇది ఎక్కువగా కనిపిస్తుంది. ఆడ, మగ పిల్లులు రెండూ ఈ పని చేస్తాయి. అయితే ఆపరేషను చేయించని గండుపిల్లులలో ఇది చాలా ఎక్కువ. ఈ అలవాటును యజమానులు తరచుగా పొగరు అనో, పగ అనో పొరబడుతుంటారు. పిల్లిని కొట్టడానికి, ఊరి బయట వదిలివేయడానికి ఇది ఒక ముఖ్య కారణం.

లక్షణాలు

గుర్తు పెట్టే పిల్లి కూర్చోదు. నిలువుగా ఉన్న వస్తువుకు వీపు త్రిప్పి నిలబడి, తోకను నిటారుగా ఎత్తి, తోక చివర వణుకుతుండగా వెనుకకు సన్నని ధారగా మూత్రం చిమ్ముతుంది. ఆ సమయంలో వెనుక కాళ్ళను నేలమీద తొక్కుతూ ఉండడం కూడా కద్దు. మరక నేలకు సుమారు జానెడు ఎత్తున మొదలై క్రిందికి కారుతుంది. చిమ్మిన మూత్రం పరిమాణం తక్కువ, వాసన మాత్రం ఎక్కువ. ద్వారబంధాలు, కిటికీ క్రింది గోడ, బీరువా మూలలు, బియ్యం మూటలు, వాకిట వదిలిన చెప్పులు, ఇంటికి కొత్తగా వచ్చిన పెట్టె లేదా సంచి ఇందుకు సాధారణంగా గురి అయ్యేవి.

మామూలుగా మూత్రం పోసే పిల్లి ఇందుకు భిన్నంగా నేలమీద కూర్చొని ఎక్కువగా పోస్తుంది, తరువాత మట్టి కప్పే ప్రయత్నం చేస్తుంది. పరుపు మీద, గోనెసంచి మీద, స్నానాలగది మూలలో పెద్ద మడుగు కనిపిస్తే అది చాలావరకు గుర్తు కాదు, ఇసుక తొట్టి నచ్చకపోవడమో, జబ్బో అయి ఉంటుంది. కొన్ని పిల్లులు కూర్చొని కూడా గుర్తు పెడతాయి కాబట్టి ఈ తేడా నూటికి నూరుపాళ్ళు వర్తించదు. అయినా ఇంటివారు మొదట గమనించవలసినది ఇదే. రెండింటికీ చికిత్స వేరు.

కారణాలు

పెంపుడు పిల్లికి పూర్వీకం ఆఫ్రికా అడవి పిల్లి (ఫెలిస్ లిబికా). అది ఒంటరిగా వేటాడే జంతువు. ఎలుకల వంటి చిన్న జీవులు ఒక్క ప్రాణికే సరిపోతాయి కనుక పంచుకునే అవసరం దానికి లేదు. ఒంటరి జంతువుకు గాయం తగిలితే ఆకలితో చావవలసిందే. అందువలన ఎదురుపడి పోట్లాడకుండా ఒకరినొకరు తప్పించుకొని తిరగడానికి వాసన గుర్తులు ఉపయోగపడతాయి. ఒక గుర్తు చూసిన మరొక పిల్లి, దానిని వదలినది ఆడదా మగదా, ఎంతసేపటి క్రితం వెళ్ళింది అన్న సంగతులను గ్రహిస్తుంది. తాజా గుర్తు ఉంటే ఆ దారిన పోకుండా ఆగుతుంది. చదువరులు దీనిని సరిహద్దు కంచెగా ఊహించుకోరాదు. నాటకశాల తలుపుకు తగిలించిన వేళల పలక వంటిదనడం సత్యానికి దగ్గరగా ఉంటుంది.

ఇంటిలో ఈ సర్దుబాటు కుదరదు. నాలుగు గదుల మిద్దెలో ఐదు పిల్లులు ఉన్నప్పుడు ఒకే నడవ, ఒకే పాల గిన్నె, ఒకే కిటికీ. తప్పించుకొని తిరగడానికి చోటు ఉండదు. పిల్లులు కలహించుకుంటున్నట్లు పైకి కనిపించకపోవచ్చు. ఒకటి గుమ్మం దగ్గర కూర్చొని రెప్ప వేయకుండా చూస్తూ ఉంటే, రెండవది వంటింటికి రాకుండా ఆగిపోతుంది. ఇంటివారికి ఇది నిద్రలా కనిపిస్తుంది, పిల్లులకు మాత్రం ఇది బెదిరింపే. అలా వెనుకకు తగ్గిన పిల్లి, బెదిరించిన పిల్లి ఏదైనా గుర్తు పెట్టవచ్చు.

గుర్తులు ఎక్కడ ఉన్నాయో చూసి కారణాన్ని కొంత ఊహించవచ్చు. వాకిలి, కిటికీలు, పెరటి తలుపు చుట్టూ ఉంటే బయటి పిల్లి ఒకటి ఇంటి చుట్టూ తిరుగుతోందని అనుమానించాలి. ఇంటి నడుమ నడవలలో, గుమ్మాల వద్ద, పడుకునే చోట్ల ఉంటే లోపలి పిల్లుల మధ్యనే పొసగడం లేదు. తిరుపతి, చిత్తూరు పట్టణాలలోని ఇళ్ళు పిట్టగోడలు ఆనుకొని వరుసగా ఉండడం వలన ఒక మిద్దె మీది పిల్లి పది మిద్దెలు దాటగలదు. వేసవిలో గాలి కోసం కిటికీలు తెరచి పడుకునే అలవాటు కూడా ఉన్నందున ఇక్కడ మొదటి కారణాన్ని తేలికగా తీసివేయరాదు.

ఎద కూడా ఒక కారణమే. పిల్లులు పగటి నిడివి పెరిగే కాలంలో ఎదకు వచ్చే జంతువులు. చల్లని దేశాలలో చలికాలపు కురచ పగళ్ళలో వాటికి ఎద ఆగిపోతుంది. తిరుపతి సుమారు 13.6 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉన్నది. ఇటువంటి చోట్ల పగటి నిడివిలో తేడా తక్కువ కనుక ఏ నెలలోనైనా ఎద రావచ్చు. ఎదలో ఉన్న ఆడపిల్లి కూడా గుర్తు పెడుతుంది, దాని కోసం వచ్చిన గండుపిల్లులు వాకిలి నిండా పెడతాయి.

మూత్రపు వాసన

ఎడారి వంటి పొడి ప్రాంతాల నుండి వచ్చిన జంతువు కనుక పిల్లి మూత్రపిండాలు నీటిని పొదుపు చేసి మూత్రాన్ని బాగా చిక్కగా చేస్తాయి. దానికి తోడు పిల్లి మూత్రంలో ఫెలినైన్ అనే గంధకం గల అమైనో ఆమ్లం ఉంటుంది. ఫెలినైన్‌కు స్వయంగా వాసన లేదు. గాలి తగిలి నెమ్మదిగా విచ్ఛిన్నమైనప్పుడు వెలువడే గంధక సమ్మేళనాలే ఘాటైన కంపుకు కారణం. గోడమీది మరక తొలిరోజు కంటే తరువాత ఎక్కువ కంపు కొట్టడానికి ఇదొక వివరణ. పిల్లి మూత్రంలోని కాక్సిన్ అనే ప్రోటీను ఫెలినైన్ తయారీని నియంత్రిస్తుందని జపాను శాస్త్రవేత్తలు 2006లో ప్రకటించారు. టెస్టోస్టిరోన్ ఉన్న గండుపిల్లులలో ఫెలినైన్ చాలా ఎక్కువగా, ఆడపిల్లులలోను ఆపరేషను చేసిన మగవాటిలోను తక్కువగా ఉంటుంది.

ఇతర పిల్లులు ఈ గుర్తును చదివే తీరు విచిత్రమైనది. వాసన చూసి, పై పెదవి కొద్దిగా ఎత్తి, నోరు సగం తెరచి కొన్ని క్షణాలు కదలక నిలబడతాయి. నోటి పైకప్పులో ఉండే జాకబ్సన్ అవయవానికి వాసనను చేర్చడం ఇందులోని ఉద్దేశం. ఎదకు వచ్చిన ఆవు మూత్రాన్ని వాసన చూసి ఆంబోతు మూతి పైకెత్తి పెదవి ముడవడం పల్లెల్లో అందరూ చూసినదే. రెండూ ఒకే చర్య.

శేషాచలం కొండలలోని జంతువులు

వాసన గుర్తులు పెంపుడు పిల్లికే పరిమితం కాదు. తిరుమల కొండలు భాగంగా ఉన్న శేషాచలం అడవులలో చిరుతపులులు ఉన్నాయి. చిరుత కూడా ఇదే విధంగా తోక ఎత్తి చెట్ల మొదళ్ళపై, పొదలపై మూత్రం చిమ్ముతుంది, వెనుక కాళ్ళతో నేలను గీరుతుంది. అటవీ సిబ్బంది చిరుతల రాకపోకలను గుర్తించడానికి పాదముద్రలతో పాటు ఇటువంటి గీరుళ్ళను కూడా చూస్తారు.

ఈ ప్రాంతానికి మరింత దగ్గరి ఉదాహరణ పునుగు పిల్లి. పేరులో పిల్లి ఉన్నా ఇది పిల్లి కుటుంబానికి (ఫెలిడే) చెందదు, వివెర్రిడే అనే వేరొక కుటుంబానికి చెందినది. శాస్త్రీయ నామం వివెర్రిక్యులా ఇండికా. దీని తోక క్రింది భాగంలోని గ్రంథుల నుండి పునుగు అనే చిక్కని సుగంధ ద్రవ్యం స్రవిస్తుంది. అడవిలో ఇది ఆ గ్రంథులను కొయ్యకో రాతికో రుద్ది తన గుర్తు వదులుతుంది. తిరుమల శ్రీవేంకటేశ్వరస్వామి మూలవిరాట్టుకు శుక్రవారం అభిషేకం తరువాత పునుగు తైలం అలదడం సంప్రదాయం. అందుకోసం తిరుమల తిరుపతి దేవస్థానం తిరుపతిలోని గోశాలలో పునుగు పిల్లులను పోషిస్తూ వచ్చింది. బోనులో నాటిన కొయ్యకు అవి రుద్దిన పదార్థాన్నే సేకరిస్తారు. పునుగు మూత్రం కాదు, గ్రంథి స్రావం. కాని రెండింటి వెనుక ఉన్న ప్రవృత్తి ఒక్కటే. ఒకే పట్టణంలో ఒక జంతువు పెట్టిన గుర్తు కొండకు చేరుతుంటే, మరొక జంతువు పెట్టిన గుర్తుకు చీపురుదెబ్బలు దొరుకుతున్నాయి. పునుగు పిల్లి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం క్రింద రక్షణ గల జంతువు కనుక ఇంటిలో పెంచడం కుదరదు.

జబ్బు కాదని తేల్చుకోవడం

ఇది అన్నిటికంటే ముందు చేయవలసిన పని. అంతవరకు చక్కగా తొట్టిలో పోసిన పిల్లి అకస్మాత్తుగా ఇల్లంతా పోయడం మొదలుపెడితే మూత్రాశయపు వాపు, మూత్రంలో రాళ్ళు, మధుమేహం, మూత్రపిండాల వ్యాధి, ముసలి పిల్లులలో కీళ్ళ నొప్పులు మొదలైనవి కారణం కావచ్చు. వయసులో ఉన్న పిల్లులలో మూత్రాశయపు వాపు సాధారణంగా సూక్ష్మజీవుల వల్ల వచ్చేది కాదు. స్పష్టమైన కారణం దొరకని ఈ వాపు మానసిక ఒత్తిడితో ముడిపడి ఉంటుంది. అంటే ఇంటిలోని పిల్లుల తగవు ఒక పిల్లిచేత గోడమీద చిమ్మిస్తే, మరొక దానిచేత నొప్పితో పరుపుమీద పోయించవచ్చు.

మగ పిల్లి మూత్రనాళం సన్నగా ఉంటుంది. స్ఫటికాలతోనో జిగురుతోనో అది మూసుకొనిపోతే మూత్రం అసలే రాదు. పిల్లి మాటిమాటికీ తొట్టిలో కూర్చొని ముక్కుతుంది, అరుస్తుంది, మర్మాంగాన్ని నాకుతుంది, వాంతి చేసుకుంటుంది. మలబద్ధకం అని ఇంటివారు పొరబడి ఆముదం పట్టించడం, రేపు చూద్దాం అనుకోవడం జరుగుతుంటుంది. మూత్రం పూర్తిగా ఆగిన పిల్లి రెండు మూడు రోజులలో చనిపోతుంది. రక్తంలో పొటాషియం పెరిగి గుండె ఆగడమే దీనికి ప్రధాన కారణం. కనుక చుక్క మూత్రం రాని మగ పిల్లిని అదే రోజు, రాత్రి అయినా సరే, వైద్యునికి చూపించాలి. ఇంటిలో చాలా పిల్లులు ఉన్నప్పుడు ఏది పోస్తున్నదో, ఏది పోయడం లేదో తెలియకపోవడమే ఇక్కడి పెద్ద ప్రమాదం. అనుమానం ఉన్న పిల్లిని తొట్టితో సహా వేరే గదిలో ఒక పూట ఉంచితే సంగతి తెలుస్తుంది.

తిరుపతిలోని పశువైద్య కళాశాల 1955లో ప్రారంభమైనది. 2005లో ఏర్పడిన శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయానికి ఇది అనుబంధం. కళాశాల బోధనా వైద్యశాలలో పశువులతో పాటు కుక్కలకు, పిల్లులకు కూడా వైద్యం జరుగుతుంది. పాడికి పేరుపొందిన ఈ ప్రాంతంలో గ్రామ పశువైద్యశాలలకు ఆవులు, గొర్రెలు, మేకలే ఎక్కువగా వస్తాయి. పిల్లిని తీసుకొని వెళ్ళేవారు దూరం ముందుగా లెక్కవేసుకోవడం మంచిది.

ఆపరేషను

సంతాన నిరోధక శస్త్రచికిత్స అన్నిటికంటే ఎక్కువ ఫలితం ఇచ్చే ఉపాయం. ఎదిగిన గండుపిల్లులకు విత్తులు తీయించిన తరువాత వాటిలో ఎక్కువ భాగం చిమ్మడం మానివేసినట్లు అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ పశువైద్యులు 1973లో ప్రకటించారు. కొన్ని వెంటనే, కొన్ని కొద్ది నెలలకు మానినవి. ఈడు రాకముందే ఆపరేషను అయిన పిల్లులలో కూడా పెద్దయ్యాక మగవాటిలో సుమారు 10 శాతం, ఆడవాటిలో సుమారు 5 శాతం తరచుగా చిమ్ముతాయని అదే విశ్వవిద్యాలయం నుండి 1984లో వచ్చిన పరిశీలన తెలుపుతున్నది. కాబట్టి ఆపరేషను అయినా చిమ్ముతున్నదంటే అది విఫలమైనదని కాదు, మిగిలిన కారణాలు వెదకాలని అర్థం. పిల్లలు సుమారు ఆరు నెలలకు ఈడుకు వస్తాయి గనుక అంతకు ముందే చేయించడం మేలు. ఒక ఈత అయిన తరువాతే ఆడపిల్లికి ఆపరేషను చేయించాలన్న మాటకు ఆధారం లేదు.

ఇంటిలో చేయవలసిన మార్పులు

మొదట ఏ పిల్లి చేస్తున్నదో తెలుసుకోవాలి. ఒకటి కంటే ఎక్కువ పిల్లులు చేస్తుండవచ్చు. చరవాణిని గోడకు ఎదురుగా పెట్టి వీడియో తీయడం నేటికాలపు సులభ మార్గం. వైద్యులు ఒక్కొక్క పిల్లికి వంతులవారీగా ఫ్లోరెసీన్ అనే హానిలేని రంగు ఇచ్చి, అతినీలలోహిత దీపం క్రింద మెరిసే మరకను బట్టి కూడా గుర్తిస్తారు.

ఇసుక తొట్లు ఎన్ని ఉండాలన్న దానికి పశువైద్యులు చెప్పే లెక్క: పిల్లుల సంఖ్యకు ఒకటి ఎక్కువ. నాలుగు పిల్లులకు ఐదు తొట్లు. ఐదింటినీ ఒకే వసారాలో వరుసగా పెడితే పిల్లి దృష్టిలో అది ఒకే తొట్టి. గుమ్మంలో కాపలా కాసే పిల్లి ఐదింటికీ అడ్డు పడుతుంది. వేరు వేరు గదులలో, మేడ ఉంటే పైన ఒకటి, పెట్టాలి. తొట్టి పొడవు పిల్లి ఒంటికి ఒకటిన్నర రెట్లు ఉండాలి, పైన మూత అక్కరలేదు. బజారులో దొరికే తొట్లు చాలావరకు ఇరుకైనవి. వెడల్పాటి ప్లాస్టిక్ టబ్బు చవకగా, మేలుగా పనిచేస్తుంది. జల్లించిన మెత్తని ఇసుక రెండు మూడు అంగుళాలు పోస్తే చాలు. మలమూత్రాలు రోజూ తీసివేసి, వారానికి ఒకసారి ఇసుక మార్చి, తొట్టి కడగాలి. రోజూ తొట్టి శుభ్రం చేయడం, మరకలను సరిగా కడగడం అనే ఈ రెండు పనులతోనే గుర్తులు తగ్గినట్లు 2001లో డేవిస్‌లో జరిగిన మరొక పరిశీలనలో తేలింది.

తిండి గిన్నెలు, నీళ్ళు, పడుకొనే చోట్లు కూడా పంచిపెట్టాలి. అన్ని పిల్లులకు వంటింటిలో ఒకేచోట, ఒకేసారి అన్నం పెట్టడం చూడముచ్చటగా ఉంటుంది గాని తగవుకు అది మూలం. ఒకదాని కంట ఒకటి పడకుండా గిన్నెలు దూరంగా పెట్టాలి. ఎత్తు మీద కూర్చోవడానికి అటకలు, గోడ అలమారలు వదిలిపెడితే నేల మీద ఇరుకు తగ్గుతుంది. బయటి పిల్లి కనిపించే కిటికీ క్రింది సగానికి కాగితం అంటించడం, రాత్రి తలుపు క్రింది సందు మూయడం, వాకిట మిగులు అన్నం వేయకపోవడం కూడా ఉపయోగిస్తాయి. కొత్త పిల్లిని తెచ్చినప్పుడు కొన్ని రోజులు వేరే గదిలో ఉంచి, గుడ్డపై రుద్దిన దాని వాసనను ముందుగా పాత పిల్లులకు పరిచయం చేసి, ఆ తరువాతనే కలపాలి.

మరకలు కడగడం

వాసన మిగిలి ఉంటే అదే చోట మళ్ళీ చిమ్ముతుంది. మనుషుల ముక్కుకు పోయినట్లు అనిపించినా పిల్లి ముక్కుకు ఉంటుంది. మూత్రంలోని యూరిక్ ఆమ్లపు స్ఫటికాలు మామూలు నీటికి సరిగా కరగవు. ఎండిన మరక తేమ తగిలినప్పుడు మళ్ళీ కంపు కొట్టవచ్చు. ఈశాన్య ఋతుపవనాల వానలు పడే అక్టోబరు నుండి డిసెంబరు వరకు ఈ ప్రాంతంలో అది ఎక్కువగా తెలుస్తుంది.

ఎంజైములు గల బట్టల పొడిని గోరువెచ్చని నీటిలో కలిపి మరకను నానబెట్టి కడిగి, తరువాత చల్లని నీటితో కడిగి ఆరనివ్వడం ప్రచారంలో ఉన్న పద్ధతి. ఇందుకే ప్రత్యేకంగా తయారైన ఎంజైము ద్రావణాలు కూడా అమ్ముతారు. నున్నటి కడప బండలు తేలికగా శుభ్రపడతాయి, వాటి సందులలోని సిమెంటు మాత్రం మూత్రాన్ని పీలుస్తుంది. సున్నం గోడ కూడా అంతే. కడిగి, బాగా ఆరిన తరువాతనే మళ్ళీ సున్నం వేయించాలి. శుభ్రపరచిన చోట తిండి గిన్నె గాని, పిల్లి పడుకొనే గుడ్డ గాని పెడితే చాలా పిల్లులు అక్కడ చిమ్మడం మానుతాయి.

చేయకూడనివి

ఇంటింటా ఉండే ఫినాయిలు, డెట్టాలు వంటి ఫినాలు కలిసిన ద్రవాలు పిల్లికి విషం. మనుషుల, కుక్కల కాలేయం ఫినాలు జాతి పదార్థాలను గ్లూకురానిక్ ఆమ్లంతో కలిపి బయటకు పంపుతుంది. పిల్లి కాలేయంలో ఆ శక్తి చాలా తక్కువ. తుడిచిన నేలమీద నడిచి, పాదాలు నాకినా ఆ పదార్థం లోపలికి పోతుంది. ఒక్క పారాసిటమాల్ మాత్ర పిల్లిని చంపగలగడానికి కూడా ఇదే ముఖ్య కారణం. పిల్లులు రాకుండా మూలల్లో వేసే కలరా ఉండలు (నాఫ్తలీన్) కూడా విషమే, ఎర్ర రక్తకణాలను పాడుచేస్తాయి. నీలగిరి తైలం వంటి ఘాటు నూనెలను చల్లడం కూడా మంచిది కాదు. బ్లీచింగ్ పొడిని తాజా మూత్రం మీద చల్లితే అమ్మోనియాతో కలిసి క్లోరమైన్ వాయువులు పుడతాయి. తలుపులు మూసిన గదిలో అది మనుషులకు కూడా ప్రమాదకరం. కారం పొడి కళ్ళలో, ముక్కులో పడి బాధ పెడుతుందే గాని గుర్తును ఆపదు.

పిల్లిని కొట్టడం, ముక్కును మరకకు రుద్దడం వలన ప్రయోజనం లేదు. గంట క్రితం చేసిన పనికీ ఇప్పటి దెబ్బకూ సంబంధం దానికి అందదు. భయం పెరిగిన కొద్దీ గుర్తులు కూడా పెరుగుతాయి.

మందులు

పిల్లి బుగ్గలను వస్తువులకు రుద్దినప్పుడు వెలువడే పదార్థాన్ని పోలిన కృత్రిమ ద్రావణాన్ని ఫ్రాన్సు దేశపు పశువైద్యుడు పాట్రిక్ పాజా పరిశోధనల ఆధారంగా ఫెలివే అనే పేరుతో 1990లలో తయారుచేశారు. దీనిని గదిలో వెదజల్లితే కొన్ని పిల్లులలో గుర్తులు తగ్గుతాయి, అన్నిటిలో కాదు. మార్పులన్నీ చేసినా తగ్గనప్పుడు పశువైద్యులు ఫ్లూక్సెటిన్, క్లోమిప్రమిన్ వంటి మందులను వాడతారు. ఫ్లూక్సెటిన్ పనిచేస్తుందని ఉత్తుత్తి మాత్రతో పోల్చి చూసిన పరీక్షలో 2001లో నిరూపించారు. ఫలితం కనిపించడానికి వారాలు పడుతుంది, ఆపినప్పుడు కొన్నిటిలో అలవాటు తిరిగి వస్తుంది. ఇవి మనుషుల మందుల దుకాణంలో దొరికేవే అయినా మోతాదు పిల్లి బరువును బట్టి వైద్యుడు నిర్ణయించాలి. ఇంటిలోని పెద్దల మాత్రను విరిచి వేయడం ప్రాణాపాయం.

వదిలివేయడం

గుర్తులతో విసిగి పిల్లిని గోనెసంచిలో కట్టి మార్కెట్టు దగ్గరో, ఊరి చివరో వదిలి రావడం అన్ని ప్రాంతాలలోను ఉన్న అలవాటు. ఇంటి అన్నానికి అలవాటుపడిన పిల్లి కొత్త చోట అక్కడి పిల్లుల గుర్తుల నడుమ పడుతుంది. జంతువును ఆకలిదప్పులతో బాధపడే స్థితిలో సరైన కారణం లేకుండా వదిలివేయడం 1960 నాటి జంతువులపై క్రూరత్వ నివారణ చట్టం 11వ సెక్షను క్రింద నేరం. ఎన్ని మార్పులు చేసినా పొసగని పిల్లిని వేరే పిల్లులు లేని ఇంటికి ఇవ్వవచ్చు. ఇరుకు వలన చిమ్మే పిల్లులలో చాలా వరకు అటువంటి ఇంటిలో ఆ పని మానివేస్తాయి.